నాజిహీన్ అనే ఊరు లేదు

ఉర్దూ వచ్చినవాడికి అరబ్బీ దానంతటదే వస్తుందని మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక గట్టి నమ్మకం ఉంది. ముప్పై ఏళ్లు దాటిన ఉద్యోగంలో ఆ నమ్మకాన్ని పోగొట్టడం నా వల్ల కాలేదు. చివరికి విసిగిపోయి నేనే దానికి లొంగిపోయాను. లొంగిపోయినందువల్ల జరిగిన ఒక తప్పు గురించి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదివితే మంచిది. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, ఆ తిట్లు నాకు రావలసినవే.

నేను కామారెడ్డిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉర్దూ అనువాదకుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఏ కార్యాలయమో చెప్పను. ఎవరి పేర్లూ చెప్పను. నిజాం కాలం నాటి భూమి కాగితాలు, పాత అమ్మకపు దస్తావేజులు, పిటిషన్లు ఉర్దూ నుంచి తెలుగులోకి మార్చడం నా పని. ఆ పని నాకు బాగానే వచ్చేది. వందేళ్ల కిందటి పట్వారీ చేతిరాత కూడా చదివేవాణ్ణి. గొడవంతా గల్ఫ్ కాగితాలతో వచ్చేది. మా వైపు పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని గడప తక్కువ. అక్కడి నుంచి ఆసుపత్రి చీటీ వచ్చినా, పోలీసు కాగితం వచ్చినా, అక్షరాలు కుడి నుంచి ఎడమకు ఉన్నాయంటే చాలు, నేరుగా నా టేబుల్ మీదికే.

మా సూపరింటెండెంట్‌కు ఎన్నిసార్లు చెప్పానో.

"సార్, ఇది అరబ్బీ. నాకు రాదు."

"మీరు రోజూ ఖురాన్ చదువుతరు గద."

"చదువుతా సార్. అర్థం పక్కన రాసుంటే చూసుకుంటా. ఇది వేరే."

"గవే అక్షరాలు గద. జర చూసి రాయుర్రి. మళ్ల హైదరాబాద్ పంపాల్నంటే ఆర్నెల్లు పడ్తది."

ఆయన చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం తన డబ్బాలోని పచ్చిపులుసు నాకు పోయకుండా ఎప్పుడూ తినలేదు. కాని ఫైలు ఒక టేబుల్ మీద మూడు రోజులు ఆగితే ఆయనకు నిద్ర పట్టదు. ఎటో ఒకవైపు కదలాలి. సరైన వైపు కదిలిందా లేదా అనేది తర్వాతి సంగతి.

అలా కొన్నాళ్లకు నేనూ అలవాటు పడ్డాను. అరబ్బీలో ఉన్న మాటల్లో చాలా మటుకు ఉర్దూలోనూ ఉంటాయి. పేరు, తండ్రి పేరు, తేదీ, ఆసుపత్రి, మరణం. వాటిని పట్టుకొని మిగతాది ఊహించి రాసేవాణ్ణి. కింద 'సరియైన అనువాదమని ధ్రువీకరించడమైనది' అని సంతకం పెట్టేవాణ్ణి. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది రాలేదంటే ఎవరూ సరిచూడలేదని అర్థం. అప్పట్లో అది నాకు తట్టలేదు.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు ఎల్లారెడ్డి నుంచి ఒక కాగితం వచ్చింది. ఆ ఏడు ఒక అరబ్బు దేశంలో యుద్ధం నడుస్తోంది. ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లె నుంచి అక్కడికి తాపీ పనికి పోయిన మేస్త్రీ చనిపోయాడు. శవం రాలేదు, అక్కడే మట్టి చేశారు. వచ్చింది ఒక్క కాగితమే. అక్కడి ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ఆ కాగితాన్ని అతనితో కలిసి పనిచేసిన డ్రైవరు జేబులో పెట్టుకొని తెచ్చాడు. భార్యకు కుటుంబ ధ్రువపత్రం ఇవ్వాలన్నా, పొలం ఆమె పేరు మీదికి విరాసత్ చేయాలన్నా ముందు ఆ కాగితం తెలుగులోకి రావాలి. ఎల్లారెడ్డిలోని మా చిన్న ఆఫీసు గుమాస్తా అందులో ఒక వాక్యం పక్కన ఎర్ర పెన్సిలుతో గీత పెట్టి 'ఇది అనువదించగలరు' అని రాసి పంపాడు.

కాగితం ఎనిమిది మడతలు పడి ఉంది. గీత పెట్టిన వాక్యం నడుమ ఊదారంగు ముద్ర పడి ఒకటి రెండు మాటలు కనిపించడం లేదు. శుక్రవారం. నమాజుకు పోవాలి. సూపరింటెండెంట్ రెండుసార్లు అడిగాడు. కనిపించిన మాటలు పట్టుకున్నాను. 'హాదిస్' అని ఉంది. మన ఉర్దూలో హాద్సా అంటే ప్రమాదం. 'ఖాఫిలా' అంటే గుంపుగా పోయే వరుస. 'తరీఖ్' అంటే దారి, అరబ్బీలో రోడ్డు కావచ్చు. ఒక్క 'నాజిహీన్' అనే మాట ఎక్కడా విన్నది కాదు. తెలియని మాట కాబట్టి ఊరి పేరై ఉంటుందనుకున్నాను. ముద్ర కింది మాటలు వదిలేశాను. పావుగంటలో రాశాను: 'నాజిహీన్ వెళ్లు రహదారిపై వాహనముల వరుసలో జరిగిన ప్రమాదమునందు మరణించెను.' సంతకం పెట్టి నమాజుకు పోయాను.

నెల తిరక్కుండా ఎల్లారెడ్డి నుంచి ఒక ప్రశ్న వచ్చింది: నాజిహీన్ గ్రామం ఏ జిల్లా, ఏ రాష్ట్రం? కంప్యూటర్‌లో ఆ గడి నింపనిదే తర్వాతి పేజీ తెరుచుకోదట. మ్యాపులో వెతికాను. లేదు. ఎంత చిన్న ఊరో అనుకున్నాను. మా పక్కనున్న మాచారెడ్డి మాత్రం ప్రపంచ పటంలో ఉంటుందా అని నాకు నేనే సర్ది చెప్పుకొని, 'చిన్న గ్రామము, వివరములు లభ్యము కావు' అని జవాబు రాశాను. దాని మీద మళ్లీ ప్రశ్న. మళ్లీ జవాబు. నాలుగు నెలలు ఇద్దరు గుమాస్తాలు, ఒక సూపరింటెండెంట్, నేను కలిసి లేని ఊరికి జిల్లా వెతికాం. ఆ నాలుగు నెలలకూ మాకు జీతాలు వచ్చాయి.

ఆ తర్వాత ఒక ఉదయం ఆ డ్రైవరు వచ్చాడు.

మాచారెడ్డి దగ్గరి పల్లెవాడు. నలభై ఏళ్లుంటాయి. ఎడమ చేయి మోచేతి కింద మొత్తం కాలిన మచ్చ. అతనూ నేనూ ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే. కాని అతను నా టేబుల్ ముందు నిలబడి, సెక్షన్‌లో అందరికీ వినబడేలా తెలుగులోనే అడిగాడు.

"సార్, ఎల్లారెడ్డి కాయితం తెలుగుల రాసింది మీరేనా?"

"నేనే. ఏమైంది?"

"అండ్ల యాక్సిడెంట్ అని ఎందుకు రాసిన్రు?"

"అందులో ఉన్నదే రాసినం."

"లేదు సార్. యాక్సిడెంట్ కాలే. బండి నడిపింది నేను. విమానం బాంబులేసింది. వాళ్లింటికి పోయి నేను గిదే చెప్పిన. గిప్పుడు సర్కారు కాయితంల యాక్సిడెంట్ అని వచ్చింది. నువ్వు తాగి నడిపి మావోణ్ణి సంపి, బాంబుల కత చెప్తున్నవా అని వాళ్లన్న కాలరు పట్టుకున్నడు. మా ఊర్ల గూడ అంటున్నరు సార్. నన్ను బండి మీదికి ఎవ్వరు పిలుస్తలేరు. డ్రైవర్‌ను సార్ నేను. గా పని తప్ప నాకేం రాదు."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి ముందు కోపమే వస్తుంది. ఫైలు తీయించాను, జిరాక్సు కాదు, అసలు కాగితమే. "చూపియ్ ఎక్కడ విమానం అని ఉందో" అన్నాను.

అతనికి చదవడం రాదు. కాని కాగితం తీసుకొని నా కుర్చీ వెనకున్న కిటికీ దగ్గరికి పోయి, వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాడు. "దవాఖాన్ల రాసిచ్చినాయన నాకు చదివి చెప్పిండు సార్. గీ ముద్ర కిందనే ఉంటది."

లేచి పోయి చూశాను. వెలుతురులో ఊదారంగు పలచబడి కింది అక్షరాలు తేలాయి. మొదటి మాట నాకు తెలియదు. రెండోది 'తయరాన్'. ఉర్దూలో విమానాన్ని తయ్యారా అంటాం. పదో తరగతి పిల్లవాడికి తెలిసిన మాట. నా కుర్చీ నుంచి ఆ కిటికీకి మూడడుగులు. కాగితం వచ్చిన రోజు ఆ మూడడుగులు వేయలేదు.

కుర్చీలో కూర్చున్నాను. అతన్నీ కూర్చోమన్నాను. "అసలేం జరిగిందో చెప్పు" అని అప్పుడడిగాను. ముందు అడగాల్సింది.

వాళ్లు పనిచేసే ఊరి మీదికి యుద్ధం వచ్చింది. కంపెనీ యజమానులు చెప్పకుండా పోయారు. పాస్‌పోర్టులు వాళ్ల బీరువాలోనే ఉండిపోయాయి. ఊరు మొత్తం సరిహద్దు వైపు కదిలితే వీళ్లిద్దరూ కంపెనీ పికప్ బండి తీసుకొని ఆ జనంలో కలిశారు.

"ముందట ట్రాక్టర్లు సార్. ఎన్క గాడిద బండ్లు, నడిచెటోళ్లు. పరుపులు, పొయ్యిలు, మేకపిల్లలు. ఒక ముసలాయనను కుర్సిల కూసోపెట్టి మోసుకపోతున్నరు. కండ్ల ముందు జూస్తే ఎంత దూరమున్నదో గంత దూరం మనుషులే. మేస్త్రీ తన తెల్ల బనీను ఇడిసి బండి మీది ఏరియల్‌కు కట్టిండు. పైనుంచి చూసెటోనికి తెల్వాలె గద, మనం లడాయి చేసెటోళ్లం కాదని. దారిల కాళ్లు నొచ్చినోళ్లను ఎక్కిచ్చుకున్నం. నిండు నెలల ఆడమనిషిని నా పక్కన కూసోపెట్టి, తను పోయి ఎన్క డబ్బాల పిల్లల నడుమ కూసున్నడు."

అతను కాలిన చేయి టేబుల్ మీద పెట్టాడు.

"విమానం ఒకసారి మా మీదికెళ్లి పోయింది. బనీను చూసింది, ఇగ పోయింది అనుకున్నం. మల్ల తిరిగొచ్చింది సార్. ముందు ట్రాక్టర్ మీద పడ్డది. ఎటు పోతరు? అటు ఇటు గుంతలు. నేను గుంతల పడ్డ. లేచి చూసేవరకు మా బండి లేదు."

 "సరిచేస్తా" అన్నాను. ఒక వారం పడుతుందనుకున్నాను.

ఇక్కడి నుంచి నా తిప్పలు మొదలు. సూపరింటెండెంట్ దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాను. ఆయన ఫైలు తిరగేసి, అద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"అనువాదం తప్పని ఎవరన్నరు?"

"నేనే అంటున్న సార్."

"ఒప్పని సంతకం పెట్టింది ఎవరు?"

"నేనే."

"మరి మీ మొదటి సంతకం నమ్మాల్నా, రెండో సంతకం నమ్మాల్నా? రేపు మూడోది పెడితే?"

మాట న్యాయమే. అందుకే మరింత చిర్రెత్తింది. హైదరాబాద్‌లో అరబ్బీ చదువుకున్న ఒక పెద్దమనిషికి చూపించి రాయించుకొస్తానంటే, ఆయన అధీకృత అనువాదకుడు కాదు కాబట్టి చెల్లదన్నారు. అధీకృత అనువాదకుడు ఎవరంటే, జిల్లాలో నేనొక్కణ్ణే. నాకు అరబ్బీ రాదని రాసిస్తే నా ఉద్యోగానికే ఎసరు. పైగా ఇన్నేళ్లుగా నేను మార్చిన గల్ఫ్ కాగితాలన్నీ తిరగతోడాలి. అన్నింటికీ మించి కంప్యూటర్. మరణ కారణం అనే గడిలో ముందే రాసిపెట్టిన మాటల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. రోడ్డు ప్రమాదం, పాముకాటు, పిడుగు, నీట మునక, కరెంటు షాకు. పైనుంచి బాంబు పడి చనిపోయే మనిషి ఆ గడి తయారుచేసినవాళ్ల ఊహలో లేడు. ఎందుకుంటాడు? మన పల్లెలోనివాడు తట్టా తాపీ పట్టుకొని పోయి ఎవరిదో యుద్ధంలో ఇంకెవరి పిల్లల మధ్యనో కూర్చుంటాడని ఎవరు అనుకుంటారు?

రెండు నెలలు అలా గడిచాయి. డ్రైవరు వారానికోసారి మాచారెడ్డి బస్సు దిగి వచ్చేవాడు. ఏమీ అడగకుండా వరండా బెంచీ మీద కూర్చొని, నేను భోజనానికి లేచినప్పుడు తలెత్తి చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయేవాడు. అతను తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

చివరికి మేస్త్రీ అన్న ఒక రోజు నా దగ్గరికే వచ్చాడు. పాతికెకరాల ఆసామి లాంటి మనిషి కాదు, రెండెకరాల రైతు. గట్టి గొంతు. తమ్ముడి కాగితం మార్చబోతున్నారని ఎల్లారెడ్డిలో ఎవరో చెప్పారట.

"కాయితం ఎందుకు మారుస్తున్నరు?"

"తప్పు రాసినం అన్నా. నీ తమ్ముడు యాక్సిడెంట్‌ల పోలే."

"ఆర్నెల్ల కింద లేని తప్పు ఇప్పుడెట్ల వచ్చింది? వాడు మీ దగ్గర్కి వారం వారం వస్తుండని నాకు తెల్వదా? మీరు మీరు ఒక్కటి. మీవోణ్ణి కాపాడుకుంటున్నరు."

సెక్షన్‌లో ఎవరూ తలెత్తలేదు. పచ్చిపులుసు పోసే సూపరింటెండెంట్ కూడా ఏదో కాగితంలో మునిగిపోయాడు. ఎన్నో ఏళ్లు ఆ కుర్చీలో కూర్చొని ఎవరి భూమి ఎవరిదో చెప్పాను. ఒక్కరూ ఆ మాట అనలేదు. నాకు బాధ కంటే విసుగే ఎక్కువ కలిగింది. అరబ్బీ తెలిసిన ఇంకొకరిని తెస్తే ఆయనదీ మావాళ్ల పేరే అయి ఉంటుంది. అప్పుడూ ఇదే మాట వస్తుంది. నోరు జారేవాణ్ణే. డ్రైవరు బెంచీ మీద కూర్చునే తీరు గుర్తొచ్చి ఆగాను.

"అన్నా, నన్ను నమ్మకు. వాణ్ణి నమ్మకు. అరబ్బు దేశంల పనిచేసొచ్చినోడు మీవాళ్లల్ల ఎవరన్నా ఉన్నరా? నువ్వు నమ్మెటోడు?"

 "మా ఊరోడు ఒకడున్నడు. ఇరవై ఏండ్లు అక్కడ్నే చేసిండు. ఎల్లారెడ్డిల వెల్డింగ్ షాపు పెట్టిండు. మాట్లాడుడు ఫస్టు వస్తది. సదువుడు మాత్రం రాదు."

"చాలు" అన్నాను.

మంగళవారం నాడు నేను సెలవు పెట్టి కాగితంతో ఎల్లారెడ్డి బస్సెక్కాను. అసలు కాగితం ఆఫీసు దాటి పోకూడదు. సూపరింటెండెంట్‌ను అడిగితే, "నేను చూడలే" అని కిటికీ వైపు తిరిగాడు. అంతటి మనిషి నియమం తప్పడం అదే మొదటిసారి చూశాను. లింగంపేట దాటేదాకా సంచీ ఒళ్లోంచి కింద పెట్టలేదు.

ఎల్లారెడ్డి ఆఫీసు వరండాలో మేస్త్రీ భార్య, అన్న, వెల్డింగ్ షాపు ఆయన కూర్చొని ఉన్నారు. డ్రైవరు దూరంగా మెట్ల దగ్గర నిలబడ్డాడు. దగ్గరికి రమ్మని ఎవరూ అనలేదు. తమ పల్లెలో అడుగు పెట్టొద్దని అన్న అతనికి ముందే చెప్పి ఉన్నాడు. భార్యకు ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల చివర్లు పసుపు పచ్చబడ్డాయి. ఆమె అప్పటిదాకా ఏ ఆఫీసులోనూ నోరు తెరిచి మాట్లాడలేదని గుమాస్తా చెప్పాడు.

వెల్డింగ్ ఆయన పక్కన కూర్చొని కాగితం ఎండకు పట్టాను. నాకు అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు. ఆయనకు అర్థం తెలుసు, అక్షరం ముక్క రాదు. ఖురాన్‌లో ఉన్నట్టు స్వరం గుర్తులు ఈ కాగితంలో ఉండవు. కాబట్టి నేను ఒక్కో మాటనూ రెండు మూడు రకాలుగా పలికేవాణ్ణి. ఆయన తల వంచి విని, సరైనది తగిలినప్పుడు చేయెత్తేవాడు.

"హాదిస్" అన్నాను.

"హాదెస్. అంటే ఏదన్న జరుగుడు సార్. యాక్సిడెంట్ గూడ అంటరు. లొల్లయినా అంటరు."

"తరువాతిది కాఫో, ఖాఫో... ఖసాఫ్, ఖిస్ఫ్..."

"ఖస్ఫ్" అన్నాడాయన. మాట అనేశాక ఆగి, అన్న వైపు చూశాడు. "ఖస్ఫ్ అంటే బాంబులేసుడు అన్నా. అక్కడ టీవీల రోజు అదే మాట."

"తయరాన్."

"విమానాలు."

"ఖాఫిలతిన్ నాజిహీన్. ఇది ఊరు పేరా?"

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "ఊరెక్కడిది సార్. నాజిహీన్ అంటే ఊరిడిసి పోయెటోళ్లు. ఇండ్లు వాకిండ్లు ఇడిసిపెట్టి, పాణం దక్కిచ్చుకునేటందుకు ఉరికెటోళ్లు."

గుమాస్తా తన పెన్ను కింద పెట్టాడు. నాలుగు నెలలు మేం జిల్లా కోసం వెతికింది ఆ మనుషుల పేరుకు.

వెల్డింగ్ ఆయన మొత్తం వాక్యాన్ని తెలుగులో మళ్లీ చెప్పాడు. ఊరిడిసి పోయేవాళ్ల గుంపు మీద రోడ్డుపై విమానాలు బాంబులు వేసినప్పుడు ఈ మనిషి చనిపోయాడు.  నేను ఆయన ముందు, భార్య ముందు, డ్రైవరుకు వినబడేలా చెప్పాను. "తప్పు నాది. ముద్ర కింద ఏముందో చూడకుండ సంతకం పెట్టిన. ఈయన మొదట్నుంచి నిజమే చెప్పిండు." ఉద్యోగంలో ఎన్నో వందల సంతకాలు పెట్టాను. ఆ మాట చెప్పడానికి పట్టినంత సేపు ఏ సంతకానికీ పట్టలేదు.

ఫైలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, అది అంతకంటే ఎక్కువ చోటుకు తగదు. వెల్డింగ్ ఆయన వేలిముద్ర, పంచుల సంతకాలతో ఒక పంచనామా రాయించాం. సూపరింటెండెంట్ దానికి 'సవరణ' అని కాకుండా 'అదనపు సమాచారం' అని పేరు పెట్టి ముందుకు తోశాడు. అలా అయితే ఎవరి సంతకమూ తప్పు కాదట. కంప్యూటర్ గడిలో చివరనున్న 'ఇతరములు' దగ్గరే మొరాయించింది. పక్కన 'విమాన దాడి' అని చేత్తో రాయించి ముద్ర వేయించడానికి మరో ఐదు నెలలు. నా పాత గల్ఫ్ అనువాదాలన్నీ హైదరాబాద్ పంపి సరిచూడాలని నేనే రాసి పెట్టాను. నాకు ఒక మెమో ఇచ్చారు. నేను రిటైరయ్యేనాటికి ఆ కట్ట ఇంకా అదే బీరువాలో ఉంది. మీలో ఎవరైనా ఆ సీట్లో ఉంటే దయచేసి బీరువా తెరవండి. ఫోన్ కెమెరా పెడితే అనువాదం వచ్చేస్తుందని మీరనుకోవచ్చు. ముద్ర కింద ఏముందో ఫోనుకు కూడా కనబడదు. కాగితం పట్టుకొని లేచి కిటికీ దగ్గరికి పోవాల్సింది మీరే.

ఆ వరండాలో మాత్రం పని అంతటితో అయిపోలేదు. నేను కాగితం మడవబోతుంటే మేస్త్రీ భార్య మొదటిసారి నోరు విప్పింది. నాతో కాదు, మెట్ల దగ్గరున్న డ్రైవరుతో.

"అన్నా, విమానం మల్ల వచ్చినప్పుడు నువ్వు ఆయనను పిలిచినవా?"

డ్రైవరు మెట్లెక్కి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పిలువలే చెల్లె. ఉరికిన. నా పక్కన కూసున్న ఆడమనిషి గూడ యాదికి రాలే. ఆమెనే దిగి వచ్చింది. గుంతల పడ్డంక మేస్త్రీ యాదికొచ్చిండు. తలెత్తి చూస్తే ఆయన డబ్బాల నిలబడి పిల్లలను దించుతుండు. ఇద్దరిని దించిండు. మూడో పిల్లను ఎత్తుకునేటాళ్లకు..."

అతను అక్కడ ఆపేశాడు. నా టేబుల్ ముందు చెప్పినప్పుడు ఈ ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు. అన్న చేయి పిడికిలి బిగుసుకోవడం చూశాను. ఇప్పుడేమైనా జరగొచ్చు అనుకున్నాను. తాగి నడిపాడన్న నింద పోయి, వదిలేసి ఉరికాడన్నది నిజమని తేలింది. అది అతను తన నోటితోనే చెప్పాడు. నిజం రాయమని రెండు నెలలుగా అతను నా చుట్టూ తిరిగింది దీనికా అనిపించింది.

ఆమె ఏడవలేదు. "దించిన పిల్లలు ఏమైన్రు?" అని అడిగింది.

"గుంతల దిక్కు ఉరికిన్రు చెల్లె. పొగల మల్ల కనవళ్లే."

ఆమె నా చేతిలోని కాగితం వైపు చూసింది. "సార్, ఎర్ర గీత కింద ఇంకా గంత రాసుంది గద. అదేంది?"

నాకు తెలియదు. ఎర్ర గీత పెట్టిన వాక్యం తప్ప ఆ కాగితంలో ఇంకేదీ నేను ఎన్నడూ చూడలేదు. కింద రెండు నిలువు వరుసలున్నాయి. ఎండకు పట్టి చూశాను. పేర్లు. పక్కన వయసులు. పేర్లు చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు, అవి మా ఇళ్లలో పెట్టుకునే పేర్లే. వాటి పైనున్న వాక్యం పలికితే వెల్డింగ్ ఆయన అర్థం చెప్పాడు: ఆ రోజు ఆ రోడ్డు మీంచి ఆ దవాఖానకు తెచ్చినవాళ్లలో చనిపోయినవాళ్ల జాబితా అది. డెబ్బై రెండు, పంతొమ్మిది, నాలుగు, నలభై, ఆరు.

"ఆ ఇద్దరి పేర్లు నీకు తెల్సా అన్నా?" అని ఆమె డ్రైవరును అడిగింది.

"వాళ్లమ్మ పిలుస్తుండె. యాదికున్నయ్." రెండు పేర్లు చెప్పాడు. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. ఆ పేర్లు ఇక్కడ రాయను.

"సూడుర్రి సార్, అండ్ల ఉన్నయా."

గుమాస్తా మెల్లగా అన్నాడు, "అవి మన ఫైలుకు సంబంధం లేదమ్మా." ఆమె అతని వైపు చూడను కూడా లేదు.

పై నుంచి మొదలుపెట్టి ఒక్కో పేరూ పైకి చదివాను. అక్షరాలు రాకున్నా అంకెలు వచ్చిన వెల్డింగ్ ఆయన వయసులు చెబుతూ వచ్చాడు. చిన్న వయసు వచ్చినప్పుడల్లా ఆమె వేళ్లు కొంగును పట్టుకునేవి. రెండో వరుస చివరిదాకా చదివాను.

"లేవు" అన్నాను.

"మల్లొక్కపారి."

ఈసారి ప్రతి పేరు కింద గోటితో గీస్తూ, ముద్ర అంచు తగిలిన చోట కాగితం ఎత్తి వెలుతురుకు పట్టి చదివాను. లేవు. అంతమాత్రాన వాళ్లు బతికే ఉన్నారని కాదు. ఆ చుట్టుపక్కల ఇంకెన్ని దవాఖానలున్నాయో, దేనికీ చేరనివాళ్లెందరో నాకు తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఈ కాయితంల లేవమ్మా" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

ఆమె తల ఊపింది.  తర్వాత లేచి కొంగు దులుపుకొని డ్రైవరుతో అంది.

"నీ బస్సుకు ఇంకా యాళ్లున్నది. ఇంటికొచ్చి బువ్వ తిని పో."

డ్రైవరు అన్న వైపు చూశాడు.  అన్న మెట్లు దిగి పోయి చెట్టు కింద పెట్టిన తన మోటారుసైకిలు స్టార్టు చేశాడు. ఎంతసేపటికీ బయలుదేరడు. ఒకసారి హారన్ కొట్టాడు. డ్రైవరు కదల్లేదు. అప్పుడు వెనక్కి తిరిగి, కోపం ఇంకా తగ్గని గొంతుతోనే అన్నాడు:

"ఎంతసేపు నిలబడ్తవ్? వచ్చి ఎన్క కూసో."